రొమ్ము తీసేశాక మళ్ళీ చేయించుకోవాలా, ఎలా చేయించుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడేళ్ళ కిందట క్యాన్సర్ వచ్చి నా ఎడమ రొమ్ము తీసేశారు. ఏడాదిన్నర తర్వాత పొట్ట కొవ్వుతో మళ్ళీ తయారు చేశారు. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, రాత్రి పదింటికి, ఇంట్లో అందరూ పడుకున్నాక, గొంతు తగ్గించి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాదు, లెక్కల టీచర్ని. మీ రిపోర్టులు చూసిన డాక్టరు ఇంకోలా చెబితే ఆ మాటే వినండి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ఆపరేషన్ తేదీ ఇంకా పడకముందు

అసలు రొమ్ము మొత్తం తీయాల్సిందేనా?

ఈ మాట సర్జన్ని తప్పకుండా అడగండి. గడ్డ చిన్నగా, ఒకేచోట ఉంటే దాన్ని మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు. అలా చేసినవాళ్ళూ, మొత్తం తీయించుకున్నవాళ్ళూ సమానంగానే బతుకుతున్నారని 20 ఏళ్ళ పాటు గమనించిన రెండు పెద్ద అధ్యయనాలు 2002లో తేల్చాయి. గడ్డ పెద్దదైనా, రెండు మూడు చోట్ల ఉన్నా, రేడియేషన్ ఇచ్చే వీలు లేకపోయినా మొత్తం తీయాల్సి రావచ్చు. కొందరికి ముందు కీమో ఇచ్చి గడ్డ చిన్నదయ్యాక చూస్తారు.

మొత్తం తీసేస్తే నాకున్న దారులేంటి?

మూడు దారులు. ఛాతీని చదునుగా కుట్టించుకుని అలాగే ఉండొచ్చు, కావాలంటే బ్రాలో కృత్రిమ రొమ్ము పెట్టుకోవచ్చు. లేదా సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. లేదా మీ ఒంట్లోనే ఇంకోచోటి నుంచి చర్మం, కొవ్వు తెచ్చి రొమ్ము ఆకారం చేయించుకోవచ్చు, దీన్ని ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ ఎక్కువగా పొట్ట నుంచో వీపు నుంచో తీస్తారు, తక్కువమందికి తొడ నుంచి. వీపు ఫ్లాప్ కింద ఇంప్లాంట్ కలిపి పెట్టడమూ ఉంది.

ముందు క్యాన్సర్ పోనీ, ఇదంతా తర్వాత ఆలోచించుకోకూడదా?

ఆలోచించుకోవచ్చు. నెలల తర్వాతైనా, పదేళ్ళ తర్వాతైనా చేస్తారు. కానీ ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి ప్లాస్టిక్ సర్జన్ని కలిసి రండి. ఎందుకంటే కొందరిలో రొమ్ము చర్మాన్ని, ఒక్కోసారి చనుమొననూ ఉంచి లోపలి భాగం మాత్రమే తీయడం కుదురుతుంది. అలా ఉంచితే తర్వాత చేసే రొమ్ము సహజంగా కనిపిస్తుంది. ఒకసారి కోసి పారేసిన చర్మం మళ్ళీ రాదు. నాకు మాత్రం ఎవరూ ఈ మాట ఎత్తలేదు. సంతకం పెట్టిన కాగితంలో ‘ఎడమ మాస్టెక్టమీ’ అని ఒక్క ముక్క ఉంది, అంటే ఎడమ రొమ్ము తీసేయడం. అంతే. ఇలాంటి ఆపరేషన్ ఉంటుందని తెలిసింది కీమో మూడో సైకిల్లో, పక్క కుర్చీలో సెలైన్ ఎక్కించుకుంటున్నావిడ చెబితే.

“ఈ వయసులో ఇంకా అందం ఏంటి?” అంటోంది మా ఆడపడుచు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పనక్కర్లేదు. ఒక్క వయసు చూసి డాక్టర్లు ఎవర్నీ కాదనరు. గుండె, షుగర్, నడవగలిగే ఓపిక చూస్తారు. ఇందులో అందం ఒక్కటే లేదు. పొద్దున స్నానానికి వెళ్ళినప్పుడు అద్దం వైపు చూడాలా వద్దా అన్న టెన్షన్, వంగి ముగ్గు వేస్తుంటే బ్రాలో పెట్టింది పైకి జారడం, బస్సులో పక్కవాళ్ళ చూపు ఎటుందో అని పైట సర్దుకోవడం, ఇవన్నీ రోజుకి ఇరవైసార్లు గుర్తు చేస్తాయి. కొందరికి ఆరు నెలల్లో అలవాటైపోతాయి. నాకు కాలేదు.

దీనికి రెండో వైపూ ఉంది. “చిన్నపిల్లవి, చేయించుకోకపోతే ఎలా?” అని భర్తో తల్లో తొందరపెడుతుంటే, అది కూడా ఒప్పుకోవాల్సిన పని లేదు. ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు, ఇంట్లోవాళ్ళ కోసం చేయించుకున్నామని. కుట్లు లాగిన ప్రతిసారీ వాళ్ళకు ఆ సంగతే గుర్తొస్తోంది.

ఏమీ చేయించుకోకుండా చదునుగా ఉండిపోతే తప్పా?

తప్పేమీ కాదు. ఆపరేషన్లు తక్కువ, కోలుకోవడం తొందర, తర్వాత మరమ్మతులూ తక్కువ. అయితే చదునుగా కుట్టడం కూడా ఒక పనితనమే. “తర్వాత మనసు మారుతుందేమో” అని కొందరు సర్జన్లు కొంత చర్మం వదిలేస్తారు, చంక వైపు అది మడతలా వేలాడుతూ చెయ్యి ఆడించినప్పుడల్లా ఒరుసుకుంటుంది. మీ నిర్ణయం గట్టిదైతే “నాకు చదునుగా, మడతల్లేకుండా కుట్టండి” అని ముందే చెప్పండి, కేస్ షీట్‌లో రాయించండి.

మా అమ్మకు షుగర్ ఉంది, చుట్ట అలవాటూ ఉంది. ఇవి అడ్డమా?

షుగర్ ఉన్నంత మాత్రాన కాదనరు. అదుపులో లేకపోతే ఆపుతారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసి తేదీ వేస్తారు. పొగ మాత్రం గట్టి అడ్డం. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, ఫ్లాప్ బతికేదేమో ఆ నాళాల మీదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దావిడల్లో అడ్డపొగ, అంటే చుట్ట కాలే వైపు నోట్లో పెట్టుకుని తాగడం, ఇంకా ఉంది. డాక్టరు “స్మోకింగ్ ఉందా?” అంటే వాళ్ళు లేదనే చెబుతారు, వాళ్ళ లెక్కలో సిగరెట్ మగవాళ్ళది కదా. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, నశ్యం అన్నీ చెప్పాలి. కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, గాయాలు మానేదాకా ముట్టకూడదు.

## ఏది ఎంచుకోవాలా అని తేల్చుకునేటప్పుడు

ఇంప్లాంట్ ఒకే ఆపరేషన్‌తో అయిపోతుందా?

కొందరికి అవుతుంది. చర్మం బాగా మిగిలి, రొమ్ము మరీ పెద్దది కాకపోతే మాస్టెక్టమీ రోజునే పెట్టేస్తారు. మిగతావాళ్ళకు రెండు దశలు. మొదట ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెడతారు. రెండు మూడు వారాల తర్వాత నుంచి ఓపీలో సూదితో 50 నుంచి 100 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీస్తారు. నింపిన రోజు, మర్నాడు బిగుతుగా, పెద్ద రాయి కట్టినట్టు ఉంటుందని చేయించుకున్నవాళ్ళు చెప్పారు. కొన్ని నెలలకు ఆ సంచి తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది, కాబట్టి అది ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఎంఆర్ఐ రాస్తే స్కానింగ్ సెంటర్లో ముందే చెప్పాలి.

ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందా?

ఉండదనే అనుకుని దిగండి. పదేళ్ళు, పదిహేనేళ్ళు హాయిగా ఉన్నవాళ్ళున్నారు, మూడేళ్ళకే మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంప్లాంట్ చుట్టూ ఒళ్ళు ఒక పొర కట్టుకుంటుంది. అది బిగుసుకుపోతే రొమ్ము గట్టిపడి, పైకి లాగి, నొప్పి పెడుతుంది. పగలడం కూడా ఉంది. ఇప్పటి సిలికాన్ జెల్ చిక్కగా ఉండటంతో పగిలినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే లక్షణాలేమీ లేకపోయినా ఐదారేళ్ళకు ఒకసారి, అక్కణ్ణుంచి రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో తీయించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో సూచించింది. ఇంప్లాంట్‌తో వచ్చే కార్డు పడేయకండి. కంపెనీ, సైజు, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి.

ఇంప్లాంట్ వల్ల ఇంకో క్యాన్సర్ వస్తుందట, నిజమా?

చాలా అరుదుగా, నిజమే. అది రొమ్ము క్యాన్సర్ కాదు, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో వచ్చే ఒక రకం లింఫోమా, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్. పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్లతోనే ఎక్కువగా కనిపించింది. ఆ కారణంతోనే అలర్గాన్ కంపెనీ 2019 జూలైలో బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మీకు పెట్టేది నున్నటిదా గరుకుదా అని అడగండి. పెట్టించుకున్న ఏళ్ళ తర్వాత ఒకవైపు హఠాత్తుగా నీరు చేరి వాస్తే వెంటనే చూపించుకోండి.

పొట్ట నుంచి తీయడంలో ట్రామ్, డీప్ అని రెండు చెప్పారు. తేడా ఏంటి?

రెండింటిలోనూ బొడ్డు కింది చర్మం, కొవ్వు తీసుకుంటారు. ట్రామ్‌లో పొట్ట మధ్య నిలువుగా ఉండే కండను కూడా తీస్తారు. పాత పద్ధతి, 1980ల మొదట్లో వచ్చింది. కండ పోవడంతో పొట్ట బలహీనపడి హెర్నియా వచ్చే వీలుంది. డీప్ అనేది ‘లోతు’ కాదు, రక్తనాళం పేరులోని అక్షరాలు. ఇందులో కండను అక్కడే ఉంచి, దాని గుండా వచ్చే సన్నటి నాళాలను విడదీసి, కొవ్వుతో సహా పైకి తెచ్చి, ఛాతీ దగ్గరి నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. వెంట్రుక కన్నా సన్నటి దారం వాడతారు. ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాది పొద్దున ఎనిమిదింటికి తీసుకెళ్తే మా ఆయన సాయంత్రం ఐదింటిదాకా క్యాంటీన్లో టీలు తాగుతూనే ఉన్నారు.

నష్టం ఏంటంటే, కుట్టిన నాళంలో గడ్డకడితే మొదటి రోజుల్లోనే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుంది. అనుభవమున్న టీముల్లో వందకి ఒకటి నుంచి మూడు ఫ్లాపులు పూర్తిగా పోతాయి. అందుకే “మీరు ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు?” అని మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు కోప్పడరు.

నాకు సిజేరియన్, ట్యూబెక్టమీ రెండూ అయ్యాయి. పొట్ట నుంచి తీయగలరా?

చాలావరకు తీయగలరు. మన దగ్గర నలభై దాటిన ఆడవాళ్ళలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాని పొట్ట తక్కువ, సర్జన్లు అలవాటు పడ్డారు. బికినీ గీత దగ్గర అడ్డంగా ఉన్న సిజేరియన్ మచ్చ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. బొడ్డు మీదుగా నిలువు కోత ఉంటే సగం పొట్టే వాడగలగొచ్చు. ముందే సీటీ యాంజియో తీసి ఏ నాళాలు బాగున్నాయో చూస్తారు. పొట్ట తగ్గించే కాస్మెటిక్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. ఒకసారి తీశాక రెండోసారి అక్కణ్ణుంచి తీయలేరు.

వీపు కండ తీస్తే పొలం పని చేసుకోగలనా?

వీపు ఫ్లాప్‌ను ఎల్‌డీ అంటారు. కొత్త ప్రయోగమేమీ కాదు, ఇటలీలో తాన్సిని అనే సర్జన్ 1906లోనే రాశాడు. నాళాలు తెంచి కుట్టే పని లేకుండా కండను చంక కిందుగా ముందుకు తిప్పుతారు కాబట్టి తక్కువ సమయం పడుతుంది, నమ్మకమైన పద్ధతి. వంట, నాట్లు, పత్తి ఏరడం లాంటి పనులకు కొన్ని నెలల్లో చాలామంది మామూలుగా తిరిగి వెళ్తారు. తేడా తెలిసేది పైనుంచి కిందికి లాగే పనుల్లో: బావిలో నీళ్ళు చేదడం, గడ్డిమోపు లాగడం, చేతుల మీద బరువేసి నేల మీంచి లేవడం. కుడిచేతి వాటం మనిషికి కుడి వైపే అయితే ఇంకొంచెం తెలుస్తుంది. వీపులో నీరు చేరడం మామూలు, ఒకటి రెండుసార్లు సిరంజితో తీస్తారు.

ఇన్ని విన్నాను. ఇంతకీ ఏది మంచిది?

నా అభిప్రాయం చెబుతాను. రేడియేషన్ ఉంటే, పొట్టలో సరిపడా కొవ్వు ఉంటే, నెలన్నర మంచాన పడినా ఇల్లు నడిపే మనిషి ఉంటే, సొంత కొవ్వే మేలు. రేడియేషన్ లేదు, సన్నటి మనిషి, పసిపిల్లలున్నారు, తొందరగా లేవాలి అంటే ఇంప్లాంట్. బీపీ, షుగర్, గుండె జబ్బు అన్నీ ఉన్నావిడకి పది గంటల మత్తు ఎందుకు? చదునుగా కుట్టించుకుని మంచి కృత్రిమ రొమ్ము కొనుక్కోవచ్చు. పక్కింటావిడకు కుదిరిందని మాత్రం ఏదీ ఎంచుకోకండి. ఆవిడ పొట్ట వేరు, ఆవిడ రిపోర్టు వేరు.

## కరెంటు (రేడియేషన్), కీమో మధ్యలో

కరెంటు పెట్టాలన్నారు. అయితే రొమ్ము చేయించుకోలేనా?

చేయించుకోవచ్చు, సమయం మారుతుంది. రేడియేషన్ పడిన చర్మం గట్టిపడుతుంది, సాగదు, గాయం మానడం ఆలస్యం. అక్కడ ఇంప్లాంట్ పెడితే చుట్టూ పొర బిగుసుకుపోవడం, ఇన్‌ఫెక్షన్ రావడం బాగా ఎక్కువ. సొంత కణజాలం అయితే కొత్త రక్తప్రసరణ తెస్తుంది కాబట్టి నిలబడుతుంది. అందుకని చాలామంది సర్జన్లు రేడియేషన్ అయ్యాక కనీసం ఆరు నెలలు, కొందరు ఏడాది ఆగి ఫ్లాప్ చేస్తారు. నేను ఆగిన ఏడాదిన్నర అందుకే. మాస్టెక్టమీ రోజునే ఎక్స్‌పాండర్ పెట్టి చర్మాన్ని నిలిపి ఉంచి, రేడియేషన్ అయ్యాక ఫ్లాప్‌కి మార్చడమూ ఉంది. రేడియేషన్ అవసరమో కాదో ఒక్కోసారి చంక గ్రంథుల రిపోర్టు వచ్చాకే తెలుస్తుంది.

వెంటనే రొమ్ము చేయించుకుంటే కీమో ఆలస్యం కాదా?

గాయం సాఫీగా మానితే కాదు. సాధారణంగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలుపెడతారు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, చర్మం అంచు నల్లబడినా అది మానేదాకా ఆగాల్సి వస్తుంది. మీకు కీమో చాలా ముఖ్యమని ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టరు) అంటే, రొమ్ము పని తర్వాతికి వాయిదా వేయడం తెలివైన పనే.

కొత్త రొమ్ము కింద క్యాన్సర్ మళ్ళీ వస్తే కనపడకుండా ఉంటుందా?

ఈ భయం అందరికీ ఉంటుంది. తిరిగి వస్తే ఎక్కువగా చర్మంలోనో చర్మం కిందో, చేతికి తగిలేలా వస్తుంది. రొమ్ము మళ్ళీ చేయించుకోవడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టడం పెరగదు. తయారు చేసిన రొమ్ముకి మామూలుగా మామోగ్రామ్ అక్కర్లేదు, డాక్టరు చేత్తో పరీక్ష చేస్తారు. రెండో రొమ్ముకి మాత్రం ఏటా తీయించాలి. ఇది చాలామంది మర్చిపోతున్నారు.

క్యాన్సర్ తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఆపరేషన్‌కి ఆపాలా?

ఆ మాత్రకి రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఉంది కాబట్టి ఫ్లాప్ ఆపరేషన్‌కి ముందు రెండు నుంచి నాలుగు వారాలు చాలాచోట్ల ఆపిస్తారు. మీ అంతట మీరు ఆపకండి. ఆంకాలజిస్ట్, ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ కలిసి తేదీ చెప్పాలి.

## ఆసుపత్రిలో, ఇంటికొచ్చిన కొత్తలో

ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలి?

ఇంప్లాంట్‌కి ఒకటి నుంచి మూడు రోజులు ఆసుపత్రిలో. డీప్‌కి ఐదారు రోజులు. మొదటి రెండు రాత్రులు నిద్ర ఉండదు. గంటకోసారి సిస్టర్ వచ్చి కొత్త రొమ్ము రంగు, వెచ్చదనం చూసి, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ మెషీన్ ఆనిస్తుంది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే స్కాన్ లాగే, అదే సుయ్ సుయ్ చప్పుడు. మా అమ్మాయి పుట్టిన పద్దెనిమిదేళ్ళకు మళ్ళీ విన్నాను. ఆ చప్పుడు వస్తే సిస్టర్ మొహం వదులయ్యేది, నేనూ కళ్ళు మూసుకునేదాన్ని.

ఇంటికొచ్చాక పది పదిహేను రోజులు కాస్త వంగే నడుస్తారు, పొట్ట కుట్టు లాగుతుంది. పడుకునేటప్పుడు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. ఆరు వారాల దాకా నీళ్ళ బిందె, పిల్లాణ్ణి చంకనెత్తుకోవడం, గ్యాస్ బండ జరపడం వద్దు.

ఈ డ్రెయిన్ గొట్టాలతో ఎలా?

గాయంలో చేరే నీటిని బయటికి లాగడానికి ఇవి పెడతారు. రోజుకి ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో రాయండి. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గాక తీస్తారు. చేత్తో పట్టుకుని తిరగొద్దు. మా వదిన పాత నేత చీర చింపి, మెళ్ళో వేసుకునే రెండు సంచులు కుట్టిచ్చింది. బాత్రూంలో మేకుకి తగిలించుకోవడానికి కూడా పనికొచ్చాయి.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందంటున్నారు మా అత్తయ్య.

పట్టదు. చీము పట్టించేది సూక్ష్మజీవులు, కందిపప్పు కాదు. గాయం మానడానికి ప్రోటీన్ కావాలి: పప్పు, గుడ్లు, చేపలు, చికెన్, పెరుగు అన్నీ తినండి. అత్తయ్యతో వాదించలేకపోతే డిశ్చార్జి రోజు డాక్టరు చేత ఆవిడ ముందే చెప్పించండి. మా ఇంట్లో పనిచేసిన ఉపాయం అదొక్కటే.

కొత్త రొమ్ముకి స్పర్శ ఉంటుందా?

మొదట్లో మొద్దుబారే ఉంటుంది. ఏడాది రెండేళ్ళలో కొంత రావచ్చు, మునుపటిలా రాదు. దీనివల్ల ఒక ప్రమాదం ఉంది. ఆపరేషన్ అయిన నాలుగో నెలలో చలికి వేడినీళ్ళ సంచి ఛాతీ మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాను. లేచి చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ. నాకేమీ తెలియలేదు. వేడినీళ్ళ సంచి, హీటింగ్ ప్యాడ్, ఐసు, ఏదీ అక్కడ పెట్టకండి. స్నానం నీళ్ళు మోచేత్తో చూసుకుని పోసుకోండి.

## డబ్బు

ఇన్సూరెన్స్‌వాళ్ళు కాస్మెటిక్ అని కొట్టేస్తారా?

కొట్టేస్తే వదలకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి కవర్ లేదని ఉంది కానీ, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని అదే వాక్యంలో ఉంది. పాలసీ పుస్తకంలో ‘ఎక్స్‌క్లూజన్ 08’ దగ్గర చూడండి. ఆపరేషన్‌కి ముందు కంపెనీ అనుమతి కోసం పంపే ప్రీ ఆథరైజేషన్ కాగితంలో ‘క్యాన్సర్ మాస్టెక్టమీ తర్వాత పునర్నిర్మాణం’ అని సర్జన్ చేత స్పష్టంగా రాయించండి. అమెరికాలో ఉన్నవాళ్ళకు 1998 నాటి చట్టం ఉంది. మాస్టెక్టమీకి కవర్ ఇచ్చే ప్లాన్లు, కొన్ని మినహాయింపులు తప్ప, పునర్నిర్మాణానికీ, రెండో రొమ్మును సరిచేయడానికీ, కృత్రిమ రొమ్ముకీ ఇవ్వాల్సిందే.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. పునర్నిర్మాణం ఏ ప్యాకేజీలో, ఏ ఆసుపత్రిలో అవుతుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి. మాస్టెక్టమీకి ముందే అడగండి. సొంత డబ్బుతో అయితే ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి: ఇంప్లాంట్ ధర, మెష్ (ఇంప్లాంట్‌ను పట్టి ఉంచే వల), ఐసీయూ, రెండో దశ, చనుమొన పని విడివిడిగా ఉండాలి.

## నెలలు గడిచాక

చనుమొన మళ్ళీ వస్తుందా?

రొమ్ము ఆకారం కుదురుకున్నాక, మూడు నాలుగు నెలలకు, అక్కడి చర్మాన్నే మడిచి చిన్న ఆపరేషన్‌తో చేస్తారు. చుట్టూ నలుపు పచ్చబొట్టుతో వేస్తారు, కొన్నేళ్ళకు వెలిసిపోతే మళ్ళీ వేయించుకోవచ్చు. చాలామంది ఇక్కడిదాకా వచ్చి “ఇక చాలు” అని ఆపేస్తారు. నేనూ ఆపేశాను.

ఫ్లాప్‌లో గట్టిగా గడ్డలా తగులుతోంది. నిద్ర పట్టడం లేదు.

రక్తం సరిగా అందని కొవ్వు గట్టిపడి అలా గడ్డ కడుతుంది, ఇది తరచుగా కనిపించేదే. అయినా మీరే తేల్చుకోకండి. డాక్టరు చేత్తో చూసి, అల్ట్రాసౌండ్ తీసి, అనుమానం ఉంటే సూది పరీక్ష చేస్తారు.

కృత్రిమ రొమ్ము వాడేవాళ్ళు ఏం చూసుకోవాలి?

కుట్లు పచ్చిగా ఉన్నన్నాళ్ళూ తేలికైన దూది లేదా అల్లిక రకం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాయం మానాక సిలికాన్ రకం. బ్రా లోపల జేబు కుట్టించి అందులో పెడితే వంగినా జారదు. ఎండాకాలం చెమటకి రోజూ మెత్తటి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. పైటకు పెట్టే పిన్నీసు జాగ్రత్త. ఒక్క పోటుతో వేల రూపాయల సిలికాన్ జెల్ కారిపోతుంది. పిన్ను భుజం మీదే పెట్టుకోండి, ఛాతీ మీదికి దింపకండి.

జాకెట్లు ఎప్పుడు కుట్టించుకోవాలి?

వాపు పూర్తిగా తగ్గడానికి మూడు నెలలన్నా పడుతుంది, అప్పటిదాకా ముందు బొత్తాల నైటీలు, వదులు కుర్తీలు. తర్వాత కూడా రెండు వైపులా అచ్చం ఒకేలా ఉండవు. పాత జాకెట్టు ఆదికి ఇవ్వకండి. కొలతలు ఒళ్ళు చూసే తీయమనండి, రెండు వైపులా విడివిడిగా. నా టైలరు మొదట ఒకవైపే కొలిచి టేపు చుట్టబోయింది. “రెండోది కూడా చూడమ్మా, అర అంగుళం తక్కువుంటుంది” అన్నాను. ఏమీ అడగలేదు. టేపు మళ్ళీ విప్పి, కొలిచి, పుస్తకంలో ఎడమకి ఒక గడి, కుడికి ఒక గడి గీసుకుంది. ఇప్పటికీ నా పేజీలో రెండు గడులుంటాయి.